హెరెస్ వైన్ గిడ్డంగులు: మీగడ కట్టే పీపాలు చూసొచ్చాను

మా అమ్మాయి స్పెయిన్‌లో, సెవిల్‌లో చదువుకుంటోంది. నవంబర్‌లో నేను వెళ్ళినప్పుడు "అమ్మా, హెరెస్‌లో వైన్ గిడ్డంగులు చూద్దాం" అంటే ముందు ఒప్పుకోలేదు. తెనాలిలో ఇరవై ఏళ్ళుగా పచ్చళ్ళ వ్యాపారం నాది. వైన్ షాపు ఉన్న సందులోంచి కూడా నడిచి ఎరగను. "నువ్వు తాగక్కర్లేదు. పాతదీ కొత్తదీ ఎలా కలుపుతారో చూడు చాలు" అంది. సెవిల్ నుంచి రైల్లో గంట పైచిలుకు. రెండు రోజులు ఉన్నాం.

మొదటి రోజు పొద్దున గొన్సాలెస్ బయాస్ వాళ్ళ బొదేగా. బొదేగా అంటే వైన్ గిడ్డంగి. ఈ ఊరి వైన్‌నే షెర్రీ అంటారు. 1835లో పెట్టారు. వీళ్ళ పేరున్న వైన్ 'టీయో పేపే'. టీయో అంటే మామయ్య. వ్యాపారం పెట్టిన గొన్సాలెస్‌కి వైన్ గుట్టుమట్లు చెప్పింది ఆయన మేనమామేనట, అందుకే ఆ పేరు. లోపల వరసగా నల్ల పీపాలు, గుడి మండపంలా ఎత్తయిన కప్పు. ఎండాకాలంలో కిటికీలకి గడ్డి చాపలు కడతారు, మట్టి నేల మీద నీళ్ళు చల్లుతారు. మా అమ్మమ్మ ఇంట్లో వేసవిలో వట్టివేళ్ళ తడికలు తడిపేవాళ్ళు, అదే పద్ధతి. ఎలుక కోసం వైన్ గ్లాసుకి చిన్న నిచ్చెన వేసి పెట్టారు, పిల్లలు దాని దగ్గర్నుంచి కదల్లేదు. చూడాల్సిన చోటే, కానీ మనుషులు ఎక్కువ. గైడ్ చెప్పేది వినాలంటే ముందు వరసలో నిలబడాలి.

నాకు అసలు విషయం అర్థమైంది మధ్యాహ్నం వెళ్ళిన చిన్న బొదేగాలో. మేం ఆరుగురమే. చూపించింది అక్కడే పనిచేసే పెద్దాయన. ఒక పీపా ముందు చెక్క తీసి గాజు పెట్టారు. లోపల లేత బంగారు రంగు వైన్, దాని మీద తెల్లగా, ముడతలు ముడతలుగా ఒక పొర. కాచిన పాలు చల్లారాక కట్టే మీగడ ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది. ఈస్ట్ కట్టే పొర అది. వాళ్ళు 'ఫ్లోర్' అంటారు, అంటే పువ్వు. అది బతకడానికి గాలి కావాలి కాబట్టి 600 లీటర్ల పీపాలో 500 లీటర్లే పోస్తారు. పొర కింద ఉన్న వైన్‌కి గాలి తగలదు, రంగు మారదు. అది ఫినో. ఆల్కహాల్ 15 శాతం దగ్గర ఉంటేనే ఫ్లోర్ బతుకుతుంది. 17 దాటిస్తే చచ్చిపోతుంది. అప్పుడు వైన్ గాలి తగిలి గోధుమ రంగుకి తిరుగుతుంది, దాన్ని ఒలొరోసో అంటారు. కావాలనే ఒక్కో పీపాని ఒక్కో దారిలో పెడతారన్న మాట.

పీపాలు ఒకదాని మీద ఒకటి వరసలుగా ఉంటాయి. సీసాల్లోకి తీసేది నేల మీది వరస నుంచే, దాన్ని సోలెరా అంటారు. మూడో వంతుకి మించి తియ్యరు. తీసినంతా పై వరస నుంచి నింపుతారు, పై వరసలోకి ఇంకా లేత వైన్. ఏ పీపా ఎప్పుడూ ఖాళీ అవదు. అందుకే ఈ సీసాల మీద మామూలుగా ఏ సంవత్సరమో రాయరు. మా అత్తగారు తోడు చెంచా పక్కన పెట్టకుండా పెరుగు గిన్నె ఎప్పుడూ కడగనిచ్చేది కాదు. పాత పెరుగు కొత్త పాలకి బుద్ధి నేర్పుతుందనేది. ఇది పెద్దాయనకి చెప్పమంటే మా అమ్మాయి స్పానిష్‌లో చెప్పింది. ఆయన రెండుసార్లు తలూపి, పొడుగు కడ్డీ చివర సన్న గిన్నె ఉన్న గరిటె తీశారు. వెనెన్సియా అంటారు దాన్ని. ఫ్లోర్ చెదరకుండా పీపాలోకి నిలువుగా దించి, తల మీదికి ఎత్తి, నడుం దగ్గర పట్టుకున్న గ్లాసులోకి పోశారు. ఒక్క చుక్క కింద పడలేదు.

ఆ గ్లాసులోంచి ఒక గుక్క తాగాను. తీపి బొత్తిగా లేదు. పులిసిన పిండి వాసన, పచ్చి బాదం రుచి, చివర్న ఉప్పదనం లాంటిది. ఉప్పు వెయ్యరట. తర్వాత పేద్రో హిమేనెస్ అనే తీపి వైన్ ఇచ్చారు. ఆ ద్రాక్షని ఎండలో ఆరబెట్టి పిండుతారు. ఖర్జూరం నానబెట్టిన బెల్లం పాకంలా నల్లగా, చిక్కగా ఉంది. చెంచాడు చాలు. నాకైతే ఫినోయే నచ్చింది.

రెండో రోజు ద్రాక్షతోటలు. ఒక టూర్ కంపెనీకి ముందే డబ్బు కట్టాం. తోటలో రెండు గంటలన్నారు, ఇరవై నిమిషాల్లో వ్యాన్ ఎక్కించేశారు. మిగతా టైమంతా వాళ్ళ దుకాణంలో. బాధేసింది. బుక్ చేసేముందు తోటలో ఎంతసేపు ఉంచుతారో రాతపూర్వకంగా అడగండి. ఆ ఇరవై నిమిషాల్లో చూసింది మాత్రం మర్చిపోలేను. నేల సుద్దముక్కలా తెల్లగా ఉంది, చేత్తో నలిపితే పొడయింది. అల్బరీసా అంటారు. కోతలయ్యాక వరసల మధ్య మట్టి ఎగదోసి గట్లు కట్టారు, మన కొబ్బరి చెట్లకి పాదులు చేసినట్టు. చలికాలం వానలు ఆ గుంటల్లో నిలిచి నేలలోకి ఇంకుతాయి. వేసవిలో పైన మట్టి పెచ్చు కట్టి తడి ఆవిరవకుండా ఆపుతుందట. ఆ తడితోనే ద్రాక్ష పండుతుంది.

రాత్రి తబాంకో ఎల్ పసాహే అనే వైన్ అంగడిలో కూర్చున్నాం, 1925 నాటిది. పీపాలోంచి పట్టిన వైన్, ఆలివ్‌లు, ఫ్లామెంకో పాట. గొంతెత్తి పాడుతుంటే మాట అర్థం కాకపోయినా ఒళ్ళు గగుర్పొడిచింది.

వెళ్ళేవాళ్ళు చిన్న బొదేగాకి ముందే ఫోనో మెయిలో చేసి వెళ్ళండి. టిఫిన్ తినే వెళ్ళండి, ఇచ్చేవి చిన్న గ్లాసులే అయినా ఇవి మామూలు వైన్ కన్నా ఘాటు. ఫినో కొంటే సగం సీసా తీసుకోండి. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపే అయిపోగొట్టాలని పెద్దాయన గట్టిగా చెప్పారు. మా అమ్మాయి సీసా మీద తేదీ రాసి పెట్టింది, మా ఇంట్లో పచ్చడి జాడీల మీద నేను రాసినట్టే.