సీటు కుదిరాకే సోలో కెనూ కుదురుతుంది: ఒంటి కొలతలకు చేయించుకున్న మార్పులపై సమీక్ష

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో స్థిరపడిన తెలుగువారిలో ఇటీవల కెనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నని తేలికపాటి పడవ, నడపడంపై ఆసక్తి పెరగడం చూస్తున్నాను. వారిలో కొందరు ఇద్దరు కూర్చునే పడవను విడిచి, ఒక్కరే నడుపుకునే సోలో కెనూ వైపు మొగ్గుతున్నారు. నా దగ్గరున్న 15 అడుగుల కెవ్లార్ (తేలికైన, గట్టి కృత్రిమ పీచు) సోలో కెనూను నా ఎత్తుకు, బరువుకు, మోకాళ్ళ తీరుకు తగినట్లు ఒక చిన్న వర్క్‌షాపులో మార్పించుకున్నాను. పడవ ఏ కంపెనీదన్నది ఈ సమీక్షకు ముఖ్యం కాదు. ఏ మార్పు డబ్బుకు తగిన ఫలితాన్నిచ్చింది, ఏది అంత ప్రయోజనం చూపలేదు, ఏ పని తరువాత ఏ పని చేయించాలి అన్నవి మాత్రమే ఇక్కడ వివరిస్తాను. పడవను మరికొన్ని పౌండ్లు తేలిక చేసుకోవడానికి వందల డాలర్లు వెచ్చించే ముందు, ఉన్న పడవలోనే సీటును సరైన చోట, సరైన ఎత్తులో బిగించుకోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

ఈ అభిప్రాయానికి ఆధారం సులభమైన లెక్క. నా పడవ బరువు సుమారు 14 కిలోలు, నా బరువు 60 కిలోలు. నీటి మీద తేలుతున్న మొత్తం బరువులో పడవ వాటా అయిదో వంతుకన్నా తక్కువ, మిగిలినదంతా మనిషే. ఇద్దరు నడిపే కెనూలో ఒకరు ముందు, ఒకరు వెనుక కూర్చుంటారు కాబట్టి ఒకరి బరువును మరొకరి బరువు కొంతవరకు సరిచేస్తుంది. సోలోలో అటువంటి సర్దుబాటుకు అవకాశం లేదు. కొల్లేటి తాటిదోనెలో నిలబడి గడ వేసే మనిషి అవసరాన్నిబట్టి ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగి నిలబడగలడు. సోలో కెనూలో సీటు బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి, తయారీదారు దృష్టిలో ఉన్న సగటు మనిషి ఎక్కడ కూర్చోవాలో మనమూ అక్కడే కూర్చుంటాము. ఆ సగటు మనిషి సాధారణంగా నాకన్నా పొడవైనవాడు, బరువైనవాడు. నాలాంటి తేలికపాటి మనిషి కూర్చున్నప్పుడు అదే పడవ నీటిలో తక్కువగా మునుగుతుంది, గాలికి ఎక్కువగా లొంగుతుంది.

పడవను మనిషికి తగినట్లు చేయించుకోవడం కొత్త ఆలోచనేమీ కాదు. 1880లలో న్యూయార్క్ రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో జె. హెన్రీ రష్టన్ అనే పడవల తయారీదారు, నెస్‌మక్ అనే కలం పేరుతో పత్రికలకు రాసే జార్జ్ వాషింగ్టన్ సియర్స్ కోసం వరుసగా కొన్ని తేలికైన కెనూలు కట్టి ఇచ్చాడు. పెన్సిల్వేనియాలో చెప్పులు కుట్టే వృత్తిలో ఉన్న సియర్స్ పొట్టివాడు, బక్కపలచనివాడు, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవాడు. మామూలు పడవను భుజాన వేసుకుని ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు అడవిదారిలో మోయడం అతని వల్ల అయ్యే పని కాదు. 1883లో రష్టన్ అతనికి కట్టి ఇచ్చిన పడవ పొడవు 9 అడుగులు, బరువు పదిన్నర పౌండ్లు, అంటే 5 కిలోలకు లోపే. దానితోనే అతను న్యూయార్క్ రాష్ట్రంలోని ఆడిరాండాక్ కొండల సరస్సుల మీదుగా దీర్ఘయాత్ర చేశాడు. ఆ పడవ ఇప్పటికీ భద్రంగా ఉంది. మనిషి ఒంటిని చూసి పడవ కట్టడం అంటే ఏమిటో తెలియడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక నా పడవ విషయం. సీటును ముందుకు జరిపించడం అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు. పడవ నా చేతికి వచ్చినప్పుడు, నేను కూర్చోగానే వెనుక కొన కాస్త దిగి, ముక్కు కాస్త లేచి ఉండేది. చదునైన నీటిలో, గాలి లేనప్పుడు ఇది అంతగా తెలియదు. ఎదురుగాలి మొదలైతే మాత్రం, నీటిలో పట్టు లేని ముక్కును గాలి పక్కకు నెట్టేస్తుంది. దాన్ని తిరిగి దారిలోకి తేవడానికి ఒకే వైపు పదేపదే తెడ్డు వేయవలసి వస్తుంది, భుజం అలసిపోతుంది. ముక్కు బరువెక్కితే దీనికి వ్యతిరేకంగా వెనుక కొన గాలికి కొట్టుకుపోయి, పడవ గాలికి ఎదురు తిరుగుతుంది. రెండూ అతిగా ఉండకూడదు. సామాను లేనప్పుడు పడవ దాదాపు సమంగా తేలాలి. ఆపై గాలినిబట్టి సంచిని కొద్దిగా ముందుకో వెనక్కో జరుపుకుంటే సరిపోవాలి.

సరైన చోటును కనుక్కోవడానికి ఆ వర్క్‌షాపు యజమాని అనుసరించిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఆయన ముందుగా సీటు విప్పేసి, నన్ను లోతులేని నీటిలో ఉన్న పడవలో ఒక గట్టి ఫోమ్ దిమ్మ మీద కూర్చోబెట్టారు. నేను అంగుళం అంగుళం జరుగుతూ ఉంటే, ఆయన ఒడ్డున నిలబడి రెండు కొనల దగ్గర నీటి మట్టాన్ని కొలిచారు. మామూలుగా కూర్చున్నప్పుడు ఒకసారి, మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ఒకసారి కొలిచారు, ఎందుకంటే భంగిమ మారితే ఒంటి బరువు పడే చోటు కూడా మారుతుంది. రెండింటికీ మధ్యస్థంగా గుర్తు పెట్టి, సీటును పాత స్థానం నుంచి రెండు అంగుళాలు ముందుకు తెచ్చారు. పడవ పై అంచుల వెంట ఉండే యాష్ కర్ర పట్టీలలో కొత్త రంధ్రాలు వేసి, పాతవాటిని కర్ర మేకులతో, ఎపాక్సీ జిగురుతో పూడ్చి, నూనె పట్టించారు. చేతితో తడిమి చూసినా పాత రంధ్రాలు తెలియనంత శుభ్రంగా ఉంది ఆ పని. రెండు అంగుళాలంటే వినడానికి చిన్న విషయం. ఎదురుగాలిలో సరస్సు దాటుతున్నప్పుడు మాత్రం ఆ తేడా ప్రతి తెడ్డు వేటులోనూ తెలుస్తుంది.

సీటు ఎత్తు రెండో సంగతి. కెనూ సీటు రెండు పక్కల పట్టీల నుంచి పొడవాటి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుల మీద వేలాడుతుంది, మధ్యలో చెక్క దిమ్మలు దాని ఎత్తును నిర్ణయిస్తాయి. దిమ్మలను మార్చితే ఎత్తు మారుతుంది. సీటు దిగేకొద్దీ పడవ నిలకడ పెరుగుతుంది, కానీ మోకాళ్ళ మీద కూర్చునేవారికి పాదాలు సీటు కిందికి దూరే జాగా తగ్గిపోతుంది. ఇక్కడ సౌకర్యం కన్నా భద్రతను ముందు చూడాలి. పడవ బోల్తా పడినప్పుడు పాదాలు సీటు కింద ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పు. కాబట్టి మనం నిజంగా వేసుకునే బూట్లతోనే పాదాలు సునాయాసంగా బయటికి వస్తున్నాయో లేదో చూసుకుని ఎత్తును నిర్ణయించుకోవాలి. ఈ ఒక్క పరీక్ష చేయించకుండా సీటు దించే ఏ దుకాణానికీ పడవను అప్పగించవద్దని గట్టిగా చెబుతున్నాను.

నా సీటు మొదట పడవ అడుగు నుంచి 10 అంగుళాల ఎత్తులో, చదునుగా ఉండేది. ఇప్పుడు వెనుక అంచు తొమ్మిదింబావు, ముందు అంచు తొమ్మిదికి అర అంగుళం తక్కువ. ఆ ముప్పావు అంగుళం వాలు మోకాళ్ళ మీద కూర్చునేవారికి ఎంతో అవసరం. వాలు లేని సీటు ముందు అంచు తొడల కింద కోసుకుపోయినట్లు నొక్కి, కాళ్ళకు తిమ్మిరి తెప్పిస్తుంది. వాలు ఉంటే రెండు మోకాళ్ళు, పిరుదులు కలిసి మూడు చోట్ల పడవను పట్టుకుని ఉంటాయి. నడుము కదిలితే పడవ కదులుతుంది, పడవ వాలితే నడుము సరిచేస్తుంది. వజ్రాసనం అలవాటున్నవారికి ఈ భంగిమ కొత్తగా అనిపించదు. నేల మీద కూర్చుని పెరిగిన మనవారికి ఇక్కడ ఒక సహజమైన అనుకూలత ఉందని నా నమ్మకం. నా పాదాలు చిన్నవి, పల్చని బూట్లు వేసుకుంటాను కాబట్టి ఈ ఎత్తు నాకు సరిపోయింది. పెద్ద పాదాలున్నవారికి ఇదే కొలత ప్రమాదకరం కావచ్చు, కనుక నా అంకెలను యథాతథంగా అనుసరించకూడదు.

మోకాళ్ళ కింద వేసే ఫోమ్ మెత్త గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అడుగున అంటించేవాటి కన్నా, విడిగా పరుచుకునే ఒకే పెద్ద మెత్త మేలు. పడవను మోసేటప్పుడు తీసేయవచ్చు, ఇసుక చేరితే కడుక్కోవచ్చు.

పాదాలు తన్ని పట్టే అడ్డకడ్డీ దగ్గర మాత్రం నాకు అసంతృప్తి మిగిలింది. కాళ్ళు చాపుకుని కూర్చుని, కొన్ని వేట్లకొకసారి తెడ్డును ఈ పక్కనుంచి ఆ పక్కకు మారుస్తూ వేగంగా నడిపేవారికి ఇది చాలా అవసరం. పాదానికి ఊతం లేకపోతే తెడ్డు లాగిన బలంలో కొంత ఒళ్ళు సీటు మీద జారడానికే ఖర్చవుతుంది. అల్యూమినియం కడ్డీని రెండు పక్కల పట్టాలలో నాకు కావలసిన దూరంలో బిగించుకునే ఏర్పాటు ఉంది, వస్తువు నాణ్యతలో లోపం లేదు. అయితే సీటు చోటు ఖరారు కాకముందే వర్క్‌షాపు ఆ పట్టాలను అంటించేసింది. సీటు రెండు అంగుళాలు ముందుకు వచ్చేసరికి కడ్డీ చివరి గాడిలో పెట్టినా నా కాళ్ళు పూర్తిగా చాపడానికి వీలు లేకపోయింది. పట్టాలను ఊడదీసి మళ్ళీ ముందుకు అంటించవలసి వచ్చింది. రెండోసారి కూలి తీసుకోలేదు, అది వారి మర్యాద. కానీ జిగురు మచ్చలు లోపలి గోడ మీద ఉండిపోయాయి. కెవ్లార్‌ను గరుకు కాగితంతో లోతుగా రుద్దితే పీచు లేస్తుంది కాబట్టి వాటిని పూర్తిగా చెరిపేయడం సాధ్యం కాదు. సీటు స్థిరపడిన తరువాతే మిగిలిన ప్రతి పనీ మొదలుపెట్టాలన్న నియమాన్ని చేయించుకునేవారే ముందుగా స్పష్టంగా చెప్పుకోవడం మంచిది.

తెడ్డు కొలత కూడా ఆ నియమం కిందికే వస్తుంది. చేతితో పట్టుకునే కాడ భాగానికీ నీటిని తోసే ఆకు భాగానికీ మధ్య 12 డిగ్రీల వంపు ఉన్న తెడ్డును నేను వాడుతున్నాను. సీటు దిగాక, అంతకుముందు సరిపోయిన తెడ్డు ఒక అంగుళం పొడవనిపించి, పై చేయి అవసరానికి మించి లేస్తూ ఉండేది. 48 అంగుళాల తెడ్డుకు మారాక భుజం నొప్పి తగ్గింది. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు మాత్రం నిటారు తెడ్డే పడవను తిప్పడానికి వీలుగా ఉంటుంది.

ఇక కాడి. కెనూను తలకిందులు చేసి భుజాల మీద మోయడానికి మధ్యలో ఉండే ఈ అడ్డకర్ర, ఇద్దరు నడిపే పడవల్లో శాశ్వతంగా బిగించి ఉంటుంది. సోలోలో పడవ సమతూకం కుదిరే చోటికి దగ్గరలోనే సీటు ఉంటుంది కాబట్టి, కావలసినప్పుడు మరలతో బిగించి, నీటిలోకి దిగాక తీసేసే కాడి వాడాలి. మిన్నెసోటా ఉత్తరాన, ఎలీ పట్టణం చుట్టుపక్కల ఉన్న బౌండరీ వాటర్స్ అరణ్యంలో సరస్సుకూ సరస్సుకూ మధ్య నడకదారుల పొడవును ఇప్పటికీ రాడ్లలోనే చెబుతారు. ఒక రాడ్ పదహారున్నర అడుగులు, 320 రాడ్లు ఒక మైలు. 100 రాడ్ల రాళ్ళదారిలో పడవ మోసేటప్పుడు, భుజపు మెత్తలు అర అంగుళం ఎడంగా ఉన్నా బరువు ఎముక మీద పడుతుంది. నా ఇరుకు భుజాలకు తగినట్లు మెత్తలను లోపలికి జరిపించాను. ముక్కు కాస్త పైకి లేచి దారి కనిపించేలా, వెనుక కొన స్వల్పంగా బరువు ఉండే చోట కాడి బిగించి, పట్టీల మీద రెండు చిన్న గుర్తులు పెట్టించాను. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. సీటు తరువాత నేను రెండో స్థానం ఇచ్చేది దీనికే.

నీళ్ళు పడకుండా కప్పే గుడ్డ కప్పు, తొడల పట్టీలు, సీసా పెట్టుకునే తొడుగు వంటివి నాకు అవసరం కాలేదు. ఉధృతమైన నదుల్లో నడిపేవారికి వీటిలో మొదటి రెండూ ఉపయోగపడతాయి, సరస్సుల మీద తిరిగేవారు తొందరపడనవసరం లేదు.

ఈ మార్పులన్నిటికీ ఒక ముఖ్యమైన పరిమితి ఉంది. నాకు కుదిరిన పడవ ఇప్పుడు నా భార్యకు కుదరడం లేదు. ఆమె కూర్చుంటే ముక్కు బరువెక్కుతుంది, పాదపు కడ్డీ అందదు. కడ్డీని జరపగలం గానీ సీటును జరపలేము. ఇంట్లో ఇద్దరు వంతులవారీగా వాడుకునే పడవైతే, పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరిగే సీటున్న పడవను ఎంచుకోవడం సరైనది. మిన్నెసోటాలోని వెనోనా కంపెనీ ప్రిజమ్ వంటి సోలో నమూనాలలో ఈ ఏర్పాటు చేస్తుంది. గుంటలా వంగి ఉండే ఆ సీటు కూర్చుని నడిపేవారికి అనువైనదే తప్ప మోకాళ్ళ మీద నడిపేవారికి కాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

సీటు, కాడి పనులు శ్రద్ధగా, ఓపికగా చేసినందుకు వర్క్‌షాపుకు అయిదింటికి నాలుగు ఇస్తాను. కడ్డీ విషయంలో క్రమం తప్పినందుకు ఒకటి తగ్గించాను. చేయించుకోదలచినవారు మంచు కరిగి అందరూ పడవలు బయటికి తీసే మే నెల వరకు ఆగకుండా, వర్క్‌షాపులో పని ఒత్తిడి తక్కువగా ఉండే శరదృతువు మొదట్లో, సరస్సులు గడ్డకట్టకముందే పడవను అప్పగిస్తే నీటి మీద కొలతలు తీయడానికి తీరిక దొరుకుతుంది. విప్పిన పాత దిమ్మలను, బోల్టులను ఒక సంచిలో వేసి మీరే తెచ్చుకోండి. ఎప్పుడైనా పడవ అమ్మవలసి వస్తే, కొనేవారి ఒళ్ళు మీ ఒళ్ళు కాదు కాబట్టి, ముందుగా వారు అడిగేది వాటినే.