ఆర్‌ఎక్స్ 100: ఆ ఆయిల్ పంపు పీకేయకండి

యమహా ఆర్‌ఎక్స్ 100 గురించి ఎవరు మాట్లాడినా పికప్ దగ్గర మొదలుపెట్టి సౌండు దగ్గర ఆపుతారు. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, 11 హార్స్‌పవర్, చేతిలో ఇమిడే బరువు. అన్నీ నిజమే, అందరికీ తెలిసినవే. 1994 మోడల్ బండి కొన్నాక నాకిది మూడో ఎండాకాలం. ఇన్నాళ్లు వాడాక నాకు దీని మీద ఇష్టం పెరగడానికి కారణం పికప్పూ కాదు, సౌండూ కాదు. ఆటోల్యూబ్. కిక్ రాడ్ ఉండే వైపు ఇంజన్ కవర్‌లో, చిన్న మూత వెనక ఉండే ఆయిల్ పంపు. నేను కొనడానికి చూసిన బండ్లలో ఒక్కదానికి కూడా అది పనిచేస్తూ కనపడలేదు. పీకేసి, దారి మూసేసి, "పెట్రోల్లో ఆయిల్ కలుపుకో" అని పంపించేశారు. ఇంత మంచి ఏర్పాటును ఇలా చేస్తే కోపం రాదా?

నా బండికీ అదే గతి పట్టింది. గుంటూరు బ్రాడీపేటలో ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. ఏపీ 07 నంబరు, ఒకే చేతి మీద నడిచిన బండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోయాయి. పదిహేనేళ్లు దాటాక అయిదేళ్లకోసారి చేయించాల్సిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా ఆయన వదలకుండా చేయించారు. కాగితాల విషయంలో నాకు ఏ టెన్షనూ లేదు. పంపు సంగతి అడిగితే "అది ఎప్పుడో తీయించేశాను బాబూ, మెకానిక్ వద్దన్నాడు" అన్నారు. తీసిన పంపును మాత్రం గుడ్డలో చుట్టి అటక మీద దాచారు. అడగ్గానే తెచ్చి చేతిలో పెట్టారు. బేరంలో నాకు బాగా కలిసొచ్చింది అదే.

పంపు ఎందుకంత ముఖ్యమో కొత్తగా కొనేవాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్‌కీ, అది తిప్పే ఇరుసు క్రాంక్‌కీ వేరే ఆయిల్ గది ఉండదు. పెట్రోల్‌తో పాటు లోపలికి వెళ్లే ఆయిలే వాటికి ఆధారం. చేత్తో కలిపితే ఒకటే పాళ్లు. విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఊరికే ఆన్‌లో ఉన్నా అంతే, హైవే మీద ఫుల్‌గా తిప్పినా అంతే. అందుకే సిగ్నల్ దగ్గర పొగ కమ్ముతుంది, ప్లగ్గుకి కార్బన్ పడుతుంది. ఇంకో చిక్కు దిగుడు రోడ్ల మీద వస్తుంది. యాక్సిలరేటర్ వదిలేసి గేర్ మీద దిగుతున్నప్పుడు పెట్రోల్ లోపలికి సరిగా వెళ్లదు. పెట్రోల్ వెళ్లకపోతే అందులో కలిపిన ఆయిలూ వెళ్లదు. పిస్టన్ మాత్రం ఆగకుండా ఆడుతూనే ఉంటుంది.

యమహా వాళ్లు 1964లోనే వైఏ 6 అనే బండిలో దీనికి విరుగుడు పెట్టారు. ఆయిల్‌కి వేరే ట్యాంకు, దాన్ని తోడడానికి ఇంజన్ గేరుతోనే తిరిగే చిన్న పంపు. ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే పంపు అంత వేగంగా కొడుతుంది. దానికి తోడు యాక్సిలరేటర్ కేబుల్ హ్యాండిల్ నుంచి వచ్చి మధ్యలో రెండు పాయలవుతుంది. ఒక పాయ కార్బురేటర్‌కి, రెండోది పంపుకి. మనం ఎంత తిప్పితే అంత ఎక్కువ ఆయిల్ ఇస్తుంది. పూర్తిగా వదిలేసినా, ఇంజన్ తిరుగుతున్నంతసేపూ కొంచెమైనా ఇస్తూనే ఉంటుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. గేరు, స్ప్రింగు, తీగ, అంతే.

నేను ఉండేది పటమటలో. బండ్ల రిపేరు షెడ్లుండే ఆటోనగర్ పక్కనే. అక్కడ మా నాన్నగారి కాలం నుంచి తెలిసిన భాయ్ ఒకాయన పాత టూ స్ట్రోకులు మాత్రమే చూస్తారు. పంపు తీసుకెళ్తే ఆయన కూడా మొదట ఒప్పుకోలేదు. "ఎందుకు సార్, అందరూ తీయించుకుంటుంటే మీరు పెట్టిస్తారా?" అన్నారు. నేను పట్టు వదల్లేదు. పంపు విప్పి కడిగి, సీళ్లు మార్చి, కొత్త ఆయిల్ పైపులు వేసి, రెండు పాయల కేబుల్ కొత్తది తెప్పించి బిగించారు.

పంపు బిగించాక గాలి తీయడం ఉంటుందే, అది దగ్గరుండి చూడాలి. ట్యాంకు నుంచి వచ్చే పైపులో గాలి బుడగ ఒక్కటి ఉండిపోయినా ఆయిల్ అక్కడే ఆగిపోతుంది. పంపు మీద దానికోసమే ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేసి, సెలైన్ పెట్టే నర్సులా పైపు వంకే చూస్తూ కూర్చున్నారు భాయ్. బుడగలు ఒకటొకటే వచ్చి, చివరికి ఆయిల్ ఒక్కటే ధారగా దిగాక స్క్రూ బిగించారు. ఆ తర్వాత యాక్సిలరేటర్ తిప్పుతూ పంపు చక్రం మీది గుర్తును పక్కనున్న పిన్నుతో లైన్లోకి తెచ్చారు. మొదటి ట్యాంకు పెట్రోల్లో మాత్రం ముందుజాగ్రత్తగా ఆయిల్ కలిపే నడపమన్నారు.

ఇక అక్కడినుంచి నా సుఖం చెప్పనలవి కాదు. అంతకుముందు బంకుకి వెళ్లాలంటే సీసా, కొలత డబ్బా, లీటరుకి 40 మిల్లీలీటర్ల లెక్క. ఒకప్పుడు బంకుల్లో టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్‌కి విడిగా పంపు ఉండేది, ఇప్పుడు అడిగితే కుర్రాళ్లు మన ముఖం వంక చూస్తారు. వెనక లైన్లో వాళ్లు హారన్ కొడుతుంటే ట్యాంకు మూత తీసి ఆయిల్ పోయడం, బండిని అటూ ఇటూ ఊపడం. ఇప్పుడవేమీ లేవు. పెట్రోల్ పోయించుకుని కిక్ కొట్టి వెళ్లిపోవడమే. జేఎఎస్‌ఓ (జపాన్ వాళ్ల ప్రమాణం) ఎఫ్‌సీ రేటింగ్ ఉన్న తక్కువ పొగ ఆయిల్ వేస్తున్నాను. ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్ నత్తనడక నడిచేటప్పుడు పక్క స్కూటర్ వాళ్లు ముక్కు మూసుకోవడం మానేశారు. కార్తీకంలో కోటప్పకొండ వెళ్లినప్పుడు ఘాట్ రోడ్డు మొత్తం రెండో గేర్లో, యాక్సిలరేటర్ వదిలేసి దిగాను. మలుపు మలుపుకీ ఇంజన్ అదే నింపాదితో పట్టి ఆపుతూ దింపింది. కింద ఆగి మళ్లీ తిప్పితే ఎక్కడా బరువు లేదు, తడబాటు లేదు. అరవై ఏళ్ల కిందటి ఆలోచన ఇంత చక్కగా పనిచేస్తుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

మొన్న మే నెలలో జరిగింది కూడా చెప్పాలి. గుంటూరులో పిన్నిగారింట్లో భోజనం చేసి, ఎండ కాస్త తగ్గాక విజయవాడ బయల్దేరాం. నేను ఆర్‌ఎక్స్ మీద, మా తమ్ముడు వెనక తన బండి మీద. చుట్టుగుంట దాటి హైవే ఎక్కాక అరవై అయిదు దగ్గర నిలకడగా వస్తున్నాను. కాజ దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ శబ్దం సన్నబడింది. ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు వేగం తగ్గుతోంది. టూ స్ట్రోక్ నడిపేవాళ్లకి ఆ లక్షణం తెలుసు, పిస్టన్ పట్టేయబోతోందని. వెంటనే క్లచ్ పట్టేసి, బండిని దొర్లించుకుంటూ రోడ్డు పక్కన వేపచెట్టు కిందికి తెచ్చాను. ఇంజన్ దానంతటదే ఆగిపోయింది. కిక్ మీద కాలు పెడితే రాయిలా ఉంది.

తమ్ముడు వచ్చి ఆగుతూనే "అదేంటన్నయ్యా, ఇందాకట్నుంచీ నీ బండికి పొగే లేదు, ఎంత బాగుందో అనుకుంటూ వస్తున్నా" అన్నాడు. ఆ మాటతో విషయం సగం అర్థమైపోయింది. వేగంగా వెళ్తున్న టూ స్ట్రోక్‌కి ఆ పల్చటి నీలం పొగ అసలే లేదంటే ఆయిల్ అందడం లేదని. ఆయిల్ ట్యాంకు చూస్తే ముప్పాతిక వంతు ఉంది. స్క్రూడ్రైవర్ తీసి పంపు మీద మూత విప్పాను. తమ్ముణ్ని యాక్సిలరేటర్ తిప్పమన్నాను. కార్బురేటర్ వైపు టక్ టక్ మంటోంది, పంపు చక్రం కదల్లేదు. కేబుల్ రెండు పాయలయ్యే చోట చిన్న డబ్బా ఉంటుంది, దాన్ని విప్పితే కనపడింది. పంపు వైపు తీగ పోగులు పోగులుగా తెగి, ఒక్క పోగు కూడా మిగల్లేదు. తీగ తెగితే స్ప్రింగు పంపుని వెనక్కి, అతి తక్కువ ఆయిల్ ఇచ్చే చోటికి లాగేస్తుంది. ఊళ్లో తిరగడానికి అది సరిపోతుంది. హైవే మీద, మే ఎండలో సరిపోదు.

పక్కనే చెరుకురసం బండి. దాని బాబాయ్ ఇదంతా చూస్తున్నారు. సీటు కింద స్పేర్‌గా పెట్టుకున్న ఆయిల్ సీసా తీసి, కొలవడానికి గ్లాసు అడిగితే ఇచ్చారు. "మా సువేగాకి ఇలాగే కలిపేవాళ్లం బాబూ, పోసి బాగా ఊపండి" అన్నారు. సువేగా అంటే మన తిరుపతిలో తయారైన మోపెడ్, ఈ కాలం పిల్లలకి పేరు కూడా తెలియదు. ట్యాంకులో అయిదు లీటర్ల లోపే ఉంటుందని అంచనా వేసి రెండొందల మిల్లీలీటర్లు పోశాను. ఇద్దరం చెరో వైపు పట్టుకుని ఊపాం. రెండు గ్లాసుల రసం తాగి, ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా కూర్చున్నాం. తర్వాత ప్లగ్గు విప్పి నాలుగు చుక్కల ఆయిల్ లోపల వేసి, చేత్తోనే కిక్ మెల్లగా నొక్కాను. కదిలింది. ప్లగ్గు బిగించి రెండో కిక్‌కి స్టార్ట్ చేసి, నలభై దాటకుండా మంగళగిరి మీదుగా వారధి దాటి ఇల్లు చేరాం. వెనక పొగ బాగా వస్తుంటే ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు భాయ్ సిలిండర్ విప్పారు. పిస్టన్‌కి సైలెన్సర్ వైపు నాలుగు సన్నటి గీతలు, అంతే. వేలితో తడిమి "బోర్ కొట్టించే పని లేదు సార్, మీ అదృష్టం" అన్నారు. అంటే సిలిండర్ లోపలి గోడ చెక్కించి వెడల్పు చేయించనక్కర్లేదని. మెత్తటి ఎమరీతో గీతలు నునుపు చేసి, రింగులు, ప్యాకింగులు మార్చారు. "నేను ముందే చెప్పాను కదా, పంపు ఉంటే ఇంతే" అని ఆయన వాదన. నేను ఒప్పుకోను. పంపు చెడలేదు. చెడింది కొత్తగా కొన్న డూప్లికేట్ కేబుల్. తయారుచేసినవాడు తీగ చివర నాసిగా బిగించాడు. పంపు తన వంతుగా చివరిదాకా ఆ కాస్త ఆయిల్ ఇస్తూనే ఉంది, సిలిండర్ బతికింది అందుకేనని నా నమ్మకం. భాయ్ తన షెడ్డులో ఎక్కడో మూలనున్న పాత ఒరిజినల్ కేబుల్ వెతికి వేశారు. దాని వయసు నా బండి వయసంత ఉంటుంది, ఇప్పటిదాకా ఒక్క పోగు లేవలేదు.

కాబట్టి పైన సుఖం అని రాసినదానికి కొంచెం సవరణ. హైవే ఎక్కే ముందు పంపు మూత తీసి, యాక్సిలరేటర్ తిప్పి, చక్రం కదులుతోందా లేదా చూసుకుంటాను. ఎండాకాలం దూరం వెళ్తే ట్యాంకులో కూడా సగం మోతాదు ఆయిల్ కలుపుతున్నాను. అలా కలిపినప్పుడు పొగ మళ్లీ ఎక్కువే, ప్లగ్గు కూడా నల్లబడుతోంది. స్పేర్ ఆయిల్ సీసా సీటు కిందినుంచి కదలదు. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, పాత రబ్బరుకి పడదు. వారమంతా ఆగి ఉండే నాలాంటి బండికి పైపులు తరచూ తడిమి చూసుకోవడం తప్పదు. బ్రేకులు ఆ రోజుల నాటి డ్రమ్ములే, ఈ కాలం ట్రాఫిక్‌లో ముందు బండికి దూరం ఎక్కువ ఉంచాలి.

మరి కొనొచ్చా అంటే, నా పరిస్థితి వేరు. రోజూ ఆఫీసుకి స్కూటర్ ఉంది. ఈ బండి ఆదివారాలకి, పండగలకి. ఆటోనగర్ నడిచి వెళ్లేంత దగ్గర. వెనక తోడుగా వచ్చే తమ్ముడున్నాడు. ఇదొక్కటే బండి అయి రోజూ గుంటూరుకీ విజయవాడకీ తిరగాలంటే నేను కొనేవాణ్ని కాదు. మాచర్ల వైపో రేపల్లె వైపో ఉంటూ, పంపు సామాను తెచ్చుకునే వీలు లేనివాళ్లు చేత్తో కలుపుకుంటే తప్పు పట్టను. కానీ పంపు బండి మీదే ఉండి పనిచేస్తుంటే మాత్రం, ఏ మెకానిక్ చెప్పినా తీయించకండి. ముందు కేబుల్ మార్పించండి, గాలి తీయించండి. కొనేటప్పుడు తీసిన పంపు ఎక్కడుందని ఓనర్‌ని అడగండి. చాలామంది పారేయరు, ఇంట్లో ఎక్కడో ఒక చోట ఉంటుంది. నేనూ స్పేర్‌గా ఇంకోటి కావాలని వెతుకుతున్నాను, ఇప్పటిదాకా కనపడినవన్నీ అరిగిపోయినవే.