ఆరంగుళాల ఈ-ఇంక్ రీడర్: ఇంగ్లీషు నవలలతో సుఖం, తెలుగు పీడీఎఫ్‌తో తంటా

ఈ-పుస్తకాలు చదువుకునే ఈ పరికరం తెర బాగుంటుంది, కళ్లకు హాయి, బరువు లేదు. ఇవన్నీ అందరూ చెప్పేవే, వదిలేస్తున్నా. పిల్లల పుస్తకాలు, టీనేజీ వాళ్ల కోసం రాసే యువ నవలలు చదివి వాటి మీద రాసేవాళ్లకు దీంట్లో అసలైన సుఖం ఒక్కటే: హైలైట్. చదువుతూ ఒక వాక్యం మీద వేలితో లాగితే, అది పేజీ నంబరుతో, తేదీతో సహా ఒక టెక్స్ట్ ఫైల్లో చేరిపోతుంది. పుస్తకం అయ్యాక కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలిస్తే సమీక్షకు కావలసిన సరుకంతా వరసగా ఉంటుంది. కథ ఎక్కడ నత్తనడక పట్టింది, పన్నెండేళ్ల పాత్ర ఎక్కడ నలభయ్యేళ్ల మనిషిలా మాట్లాడింది, అన్నీ అక్కడే దొరుకుతాయి. అనంతపురంలో పుస్తకాల షాపుకు పోతే గైడ్లు, టెస్ట్ పేపర్లదే రాజ్యం. కొత్త యువ నవల కావాలంటే పార్సిల్ కోసం ఎదురుచూడాలి, లేదా ఇలా తెర మీద చదువుకోవాలి.

ఆ సుఖాన్ని తెలుగు పీడీఎఫ్ నిలువునా చెడగొడుతుంది. ఒక చిన్న ప్రచురణ సంస్థ పిల్లల కథల సంపుటిని అచ్చుకు ముందే పీడీఎఫ్‌గా పంపింది. తెర మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, హైలైట్లూ బుద్ధిగా పడ్డాయి. తీరా ఆ హైలైట్ల ఫైల్ తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. రోమన్ అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు, మధ్యమధ్య ఖాళీ డబ్బాలు.

కారణం రీడర్లో లేదు. ప్రతి భాష అక్షరానికీ విడిగా ఒక సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. కానీ మన డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ పాతకాలపు అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరే నడుస్తున్నాయి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 ఆ వరసలో ఆఖరిది, దానికి యూనికోడ్ తెలీదు. ఆ పాత ఫాంట్లలో అక్షరం, గుడి, కొమ్ము, ఒత్తు వేరువేరు ముక్కలుగా రోమన్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటును పీడీఎఫ్‌లోనే పొదుగుతారు కాబట్టి కంటికి తెలుగే కనిపిస్తుంది. హైలైట్ చేస్తే రీడర్ ఎత్తుకొచ్చేది మాత్రం అడుగునున్న రోమన్ అక్షరాల్ని. ఈ-పుస్తకాల్ని ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే క్యాలిబర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, తెరకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఈపబ్‌గా మార్చినా అదే గోల.

కాబట్టి ఏ తెలుగు పీడీఎఫ్ వచ్చినా రీడర్లో ఎక్కించకముందే ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడాలి. తెలుగు పడిందా, దిగుల్లేదు. క్యాలిబర్‌లో ఈపబ్ చేసుకుని, మండలి గానీ సూరన్న గానీ ఫాంటు పొదిగి, వరసల మధ్య ఎడం 1.5 దాకా పెంచితే సరిపోతుంది. ఆ ఎడం లేకపోతే చిన్న తెర మీద పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి.

రోమన్ పడితే రెండు పనులు విడివిడిగా చేసుకోవాలి. చదవడానికి కె2పీడీఎఫ్ఆప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది పేజీని బొమ్మగా చూసి, తెల్లటి ఖాళీల దగ్గర కోసి పేరుస్తుంది, అందుకే ఏ ఫాంటయినా దానికొకటే. వరసలు మరీ ఇరుగ్గా ఉంటే మాత్రం ఖాళీ దొరక్క రెండు వరసల్ని ఒకటిగా లెక్కేస్తుంది. అప్పుడు మార్జిన్లు కత్తిరించి, తెరను అడ్డంగా తిప్పుకోవడమే దారి. మన పుస్తకాలు ఎక్కువగా వచ్చే 1/8 డెమ్మీ సైజు పేజీ వెడల్పు అయిదున్నర అంగుళాలు, అందులో అక్షరాలుండేది సుమారు నాలుగు. అడ్డంగా పెట్టిన తెర వెడల్పు 4.8 అంగుళాలు కాబట్టి అక్షరం అచ్చు పుస్తకంలో కన్నా కాస్త పెద్దగానే కనిపిస్తుంది, కాకపోతే ఒక్కో పేజీ మూడు తెరలవుతుంది. అలా ముక్కలు చేసిన ఫైల్లో రీడర్ 96వ పేజీ అంటే అసలు పుస్తకంలో అది 32వ పేజీ. అందుకని కత్తిరించేటప్పుడు అడుగు మార్జిన్ ఉంచుకుంటే అచ్చు పేజీ నంబరు పోదు. నోట్‌లో రాసుకోవలసింది ఆ నంబరే.

సమీక్షలో ఎత్తిరాయాల్సిన వాక్యాలను కంప్యూటర్లో కాపీ చేసి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లో వేయాలి. క్రావడి ఒకోసారి పక్క అక్షరానికి అంటుకుంటుంది, వరస చివర తెగిన మాట రెండు ముక్కలుగానే ఉండిపోతుంది. నాలుగు వాక్యాలకైతే సరే, పుస్తకం మొత్తానికి ఆ చాకిరీ వద్దు. పంపేవాళ్లనే యూనికోడ్ వర్డ్ ఫైల్ అడగడం ఇంతకన్నా తేలిక, రచయితల దగ్గర చాలాసార్లు ఉంటుంది కూడా.

1947 జులైలో మొదలైన చందమామ పాత సంచికలు, మాస్కో నుంచి వచ్చిన రాదుగ వాళ్ల పిల్లల పుస్తకాలు స్కాన్లుగా దొరుకుతాయి. అవి పూర్తిగా బొమ్మలే, హైలైట్ ప్రశ్నే లేదు. పైగా రెండు కాలమ్‌ల మధ్యలోకి బొమ్మ చొచ్చుకొస్తే కత్తిరింపు తారుమారై కథ వెనకాముందూ అవుతుంది.

బొమ్మల పుస్తకాన్ని దీంట్లో చూసి తీర్పు చెప్పడం అన్యాయం. ఈ నలుపు-తెలుపు తెర చూపేది 16 బూడిద ఛాయలు. ఎదురెదురు పేజీల మీద పరిచిన బొమ్మ రెండుగా తెగుతుంది, పేజీ తిప్పితే పిల్లలు ఉలిక్కిపడాల్సిన చోట ఏమీ జరగదు. 2015లో మొదలైన స్టోరీవీవర్ అనే ఆన్‌లైన్ పిల్లల కథల వేదికలోని బొమ్మల కథల్లాంటివి ఫోన్లో రంగుల్లోనే చూడాలి.

బ్యాటరీ వారాల తరబడి వస్తుందనేది నిజమే, వైఫై ఆపి, లైటు సగానికి తక్కువ పెట్టి, నవలలు చదివితే. పెద్ద స్కాన్లు అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటే వారం కూడా గగనమే. కరెంటు పోయిన రాత్రి మిద్దె మీద చదువుకోవచ్చు, అది మాత్రం ఊహించని లాభం. మే నెల మధ్యాహ్నం ఆ మిద్దె మీదే వదిలేయకండి. ఇలాంటివి సాధారణంగా 35 డిగ్రీల లోపు వాడాలనే చెబుతారు, ఇక్కడ ఎండ 40 దాటుతుంది.

నా చదువులో ఎక్కువ భాగం ఇంగ్లీషు యువ నవలలు కాబట్టి నాకు ఇది గిట్టుబాటే. తెలుగు బాలసాహిత్యమే ప్రధానమైనవాళ్లు, కళ్లజోడు పవరు పెరిగినవాళ్లు పది అంగుళాలది చూడటం మేలేమో, ధర బాగా ఎక్కువైనా. అదీ హైలైట్ బాధ తీర్చదు. కొనేముందు మీ దగ్గరున్న తెలుగు పీడీఎఫ్‌లు ఒక అయిదారు తీసి ఆ నోట్‌ప్యాడ్ పరీక్ష చేసుకోండి.