కొలంబస్ వెళ్తే హిలియర్డ్ టీవీ మ్యూజియం వదలొద్దు

ఒహాయోలోని కొలంబస్ చుట్టుపక్కల మనవాళ్లు బాగానే ఉన్నారు. అయినా పక్కనే హిలియర్డ్‌లో ఎర్లీ టెలివిజన్ మ్యూజియం ఉందంటే, నేను అడిగిన వాళ్లెవరికీ తెలియదు. వారాంతాల్లోనే తెరుస్తారు కాబట్టి ప్లాన్ దాన్ని బట్టి వేసుకోండి.

మొదట్లో తిరిగే చక్రంతో బొమ్మ చూపే మెకానికల్ టీవీలు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి చెక్క పెట్టెల టీవీలు. వాటి దగ్గర ఎక్కువసేపు ఆగకండి. అసలు మజా కలర్ సెట్ల దగ్గరే.

అమెరికా ప్రసార సంస్థ సి.బి.ఎస్. తెచ్చిన కలర్ పద్ధతి వింటే నవ్వొస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ట్యూబు ముందు ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఫిల్టర్లున్న చక్రం నిమిషానికి 1440 సార్లు తిరగాలి. బొమ్మ ఎంతుంటే చక్రం అంతకు రెట్టింపు పైనే ఉండాలి, ఇక పెద్ద తెర ఆశ వదులుకోవాల్సిందే. రంగులు మాత్రం బాగుండేవి. 1950లో అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్.సి.సి. ఆమోదించింది కూడా. చిక్కల్లా ఏమిటంటే, జనం అప్పటికే కొనుక్కున్న సెట్లలో ఆ బొమ్మ రాదు. అవి బొమ్మను 525 అడ్డగీతలుగా గీసేవి, ఇది 405 గీతలుగా. 1951 జూన్‌లో మొదలైన ప్రసారాలు అక్టోబరుకల్లా ఆగిపోయాయి.

ఇక పోటీ సంస్థ ఆర్.సి.ఎ. 1954లో తెచ్చిన కలర్ సెట్టు సి.టి.-100 ధర అప్పట్లోనే 1000 డాలర్లు. ట్యూబు లోపల ఒక్కో రంగుకు ఒక్కో కిరణం వదిలే మూడు ఎలక్ట్రాన్ గన్‌లు, తెర వెనక సన్న రంధ్రాల రేకు, తెర మీద 5,85,000 రంగు చుక్కలు. మూడు కిరణాలూ ఒకే రంధ్రం దగ్గర కలవకపోతే రంగులు విడిపోతాయి. ఆన్‌లో ఉన్న ఓ పాత సెట్టును దగ్గర్నుంచి చూశాను. తెర మూలల్లో తెల్ల అక్షరాల పక్కన ఎర్రటి జీర స్పష్టంగా కనిపించింది. పైగా ఈ ట్యూబుల్లో గాజూ లోహమూ అతికిన చోట కాలక్రమంలో గాలి చొరబడుతుంది, అందుకే పనిచేసేవి అరుదు.

పాత బ్లాక్ అండ్ వైట్ సెట్లలోనూ బొమ్మ వచ్చేలా రంగును అదే 6 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానల్‌లో ఇరికించడం మరో తలనొప్పి. రంగు సిగ్నల్ ధ్వని సిగ్నల్‌తో కలిసి తెర మీద గీతలు పుట్టించకుండా, సెకనుకు 30 ఫ్రేములను 29.97కి తగ్గించారు. రంగు సిగ్నల్ ఫేజ్, అంటే దాని అలల సమయం, కాస్త జరిగినా ముఖాలు ఆకుపచ్చగా మారేవి, అందుకే అమెరికన్ సెట్లకు రంగు ఛాయ సరిచేసే టింట్ నాబ్ ఉండేది. 1982లో మనకొచ్చిన కలర్ ప్రసారాలు ఆ లోపాన్ని సర్దుకునే పాల్ పద్ధతివి, ఆ నాబ్‌తో మనకు పని పడలేదు.

బస విషయానికొస్తే, డౌన్‌టౌన్ హోటల్లో పార్కింగ్‌కు రోజూ విడిగా వడ్డించారు. అడిగితే బుకింగ్‌లోనే రాశామన్నారు, ఎక్కడో అడుగున ఉంది! ఐ-270 హైవే పక్కనున్న మామూలు హోటళ్లే నయం, పార్కింగ్ ఫ్రీ. కాకపోతే శాకాహారులకు టిఫిన్ అంటే బ్రెడ్డూ పండ్లే. కారు తప్పనిసరి. పాత ఎలక్ట్రానిక్స్ మీద మోజు లేనివాళ్లను మాత్రం వెంట తీసుకెళ్లకండి, గంటకోసారి టైమెంతయిందని అడుగుతారు.