45 పౌండ్ల సింహం

తెనాలిలో ముప్పై రెండేళ్లు బోర్డులు రాసినవాణ్ని. బియ్యం కొట్లు, సినిమా హాళ్లు, ఎలక్షన్ల గోడలు, పరిషత్తు నాటకాలకి తెరలు. ఫ్లెక్సీ వచ్చాక కుంచెలు డబ్బాలో పెట్టేసి, ఇప్పుడు ఆర్నెల్ల వీసా మీద లండన్‌లో మావాడి దగ్గర ఉన్నాను. కింద రాసేది వాడు నా పుట్టినరోజుకి కొనిచ్చిన వస్తువు గురించి. వాడికి చెప్పే రాస్తున్నాను.

వస్తువు ఏంటంటే, ఇంటిపేరు డాలు. చెక్క పలక, దానిమీద డాలు బొమ్మ, డాలు మీద సింహం, పైన శిరస్త్రాణం, కింద రిబ్బను, రిబ్బను మీద ఇంటిపేరు. టూరిస్టులు తిరిగే వీధిలో తోపుడుబండి సైజు కొట్టు. మన ఇంటిపేరు చెబితే కంప్యూటర్లో వెతికి, ఆ కుటుంబం కోట్ ఆఫ్ ఆర్మ్స్, అంటే డాలు మీది వంశ చిహ్నం, ఇదీ అని అక్కడికక్కడే ప్రింటు తీసి అతికిస్తారు. 45 పౌండ్లు. మన లెక్కలో ఐదు వేలు ఎటూ పోదు.

మా ఇంటిపేరు బండి. కంప్యూటర్లో బండి లేదట. అక్కడి కుర్రాడు ఏమాత్రం తొణక్కుండా, దగ్గర్లో ఉన్నది 'బాండ్' అని దాన్ని తీసి, కింద రిబ్బను మీద మాత్రం బండి అని కొట్టిచ్చాడు. పలకతోపాటు వచ్చిన సర్టిఫికెట్టులో మా పూర్వీకులు 1066లో ఫ్రాన్సు వైపు నుంచి దండెత్తిన నార్మన్లతో కలిసి సముద్రం దాటి వచ్చారని ఉంది. మా పూర్వీకులు రేపల్లె నుంచి వచ్చారు. దాటింది మహా అయితే రెండు కాలవలు.

ముందు మంచి చెప్పుకుందాం. చెక్క బాగుంది. అంచులు నున్నగా తీశారు, వార్నిషు రెండు పూతలు పడ్డట్టుంది, చేత్తో తడిమితే గరుకు తగల్లేదు. చెడ్డ సంగతి, వెనక కొక్కెం. గోడకి తగిలించిన మూడో రోజే ఊడి, పలక సోఫా వెనక్కి పడింది.

ఇక బొమ్మ. నీలం డాలు మీద నల్ల సింహం. హాల్లో ఈ చివర కూర్చుని చూస్తే సింహం లేదు, ఏదో మరక ఉంది. ఇది రాసినవాడెవడ్రా అన్నాను. మావాడు తల గోక్కుని అసలు సంగతి చెప్పాడు. కంప్యూటర్లో వచ్చింది తెల్ల డాలు మీద నల్ల సింహమేనట. 'బ్యాక్‌గ్రౌండు కలర్ మీ ఇష్టం సార్' అంటే, కోడలు సోఫాకి మ్యాచ్ అవుతుందని నీలం అందట.

ఇక్కడే నాకు పట్టుకుంది. ఆ వారమంతా మావాడి చేత చదివించుకుని, అర్థం చెప్పించుకుని తెలుసుకున్నాను. ఈ డాలు బొమ్మల విద్యని హెరాల్డ్రీ అంటారట, ఇందులో రంగుదే పెద్ద పెత్తనం. బంగారం, వెండి రెండూ లోహాలు, అంటే పసుపు, తెలుపు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా ఇవి రంగులు. లోహం మీద లోహం రాయకూడదు, రంగు మీద రంగు రాయకూడదు. యుద్ధంలో డాలు చూసి దూరం నుంచే మనిషిని గుర్తుపట్టాలి గనక. మా గురువుగారు కూడా ఇదే అనేవారు: తెలుపు మీద పసుపు రాస్తే కూలి రాదు, నీలం మీద నలుపు రాస్తే దెబ్బలొస్తాయి. ఆయన మారీసుపేట దాటి పెద్దగా వెళ్లింది లేదు.

ఇంకో సంగతి విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంగ్లండులో అధికారికంగా లెక్కలోకొచ్చేది బొమ్మ కాదు, మాటలు. పాత ఫ్రెంచి పదాలతో ఒక వాక్యం ఉంటుంది: ఫలానా రంగు మీద ఫలానా రంగు సింహం, వెనక కాళ్ల మీద లేచి ఉంది, ఇలా. ఆ మాటలకి తగ్గట్టు ఏ ఆర్టిస్టు తన చేతివాటంతో ఎలా గీసినా చెల్లుతుంది. తోక ఎంత వంకర అన్నది కుంచె పట్టినవాడి ఇష్టం, రంగు మాత్రం మార్చకూడదు. అంటే కొట్టువాడు రంగు మీ ఇష్టం అన్నప్పుడు, సింహం పోయినా ఫర్వాలేదు తోక ఉంచుతా అన్నట్టన్నమాట. డాలుకి కుడి అంటే పట్టుకున్నవాడి కుడి, చూసేవాడికి ఎడమ. విగ్రహాలు చేసే ఊళ్లో పుట్టాను, ఇది నాకెవరూ చెప్పక్కర్లేదు. రంగుల్లేని అచ్చులో ఏ రంగో తెలియడానికి నిలువు గీతలైతే ఎరుపు, అడ్డగీతలైతే నీలం, చుక్కలైతే బంగారం, ఖాళీ అయితే వెండి. బ్లాకులు కొట్టించిన రోజుల్లో ఇది తెలిస్తే ఎన్ని తగాదాలు తప్పేవో.

కొట్టువాడు దీన్ని 'ఫ్యామిలీ క్రెస్ట్' అన్నాడు. క్రెస్టంటే మొత్తం బొమ్మ కాదు, శిరస్త్రాణం మీద కూర్చునే ముక్క ఒక్కటే. తలపాగా మీది కుచ్చు చూపించి పెళ్లికొడుకు అన్నట్టుంది.

ఒక గురువారం మావాడు సెలవు పెట్టి కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌కి తీసుకెళ్లాడు. సెయింట్ పాల్స్ చర్చి నుంచి నది వైపు దిగితే క్వీన్ విక్టోరియా స్ట్రీట్‌లో ఎర్ర ఇటుకల భవనం. ఈ డాలు చిహ్నాలు ఇచ్చేది, వాటి దస్త్రాలు దాచేది ఇక్కడే. 1484లో మూడో రిచర్డ్ రాజు పెట్టిన సంస్థ. 1666లో ఊరు తగలబడ్డప్పుడు పాత భవనం పోయినా దస్త్రాలు బయటపడ్డాయి. లోపల చెక్క పలకలు తాపిన హాలు, మధ్యలో సింహాసనంలాంటి కుర్చీ. టిక్కెట్టు లేదు. ఈ వ్యవహారం చూసే అధికారులు పదమూడు మంది హెరాల్డులట, రూజ్ డ్రాగన్, బ్లూమాంటిల్ అని మన నాటకాల్లో కూడా దొరకని బిరుదులు. వంతులవారీగా ఒకరు వచ్చినవాళ్ల సందేహాలు తీరుస్తారు. మావాడు సిగ్గుపడుతూ ఫోన్లో మా పలక ఫొటో చూపించాడు. ఆయన నవ్వలేదు, అది ఆయన గొప్పతనం. ఇంటిపేరుకి కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఉండదండీ, ఒక మనిషికి ఇస్తారు, ఆయన మగ సంతానం వరసలో దిగుతుంది అన్నారు. అసలు బాండ్‌కి కూడా, ఆ పేరున్నంత మాత్రాన ఆ సింహం రాదన్నమాట. నాకు వెంటనే అర్థమైంది. మా తెనాలిలో బండివారు మూడు కులాల్లో ఉన్నారు. పేరు కలిసిందని ఒకరి పొలం ఒకరు దున్నుకుంటే ఊరుకుంటారా?

కొత్తగా కావాలంటే అర్జీ పెట్టుకోవాలి. వేల పౌండ్ల రుసుము. దూడ తోలు మీద చేత్తో రాసి, చేత్తో రంగులు వేసి, సీళ్లు వేలాడదీసి ఇస్తారు. ఇప్పటికీ చేత్తోనే! ఆ మాట దగ్గర నేను కాసేపు నిలబడిపోయాను. 2011లో యువరాజు విలియంతో కేట్ పెళ్లికి ముందు వాళ్ల నాన్నకి ఇచ్చిన డాలు మీద ముగ్గురు పిల్లలకి మూడు ఓక్ కాయలు వేశారు. కేట్ తల్లి పుట్టింటివారి ఇంటిపేరు గోల్డ్‌స్మిత్ (కంసాలి) గనక మధ్యలో బంగారు పట్టీ. షేక్‌స్పియర్ వాళ్ల నాన్నకి 1596లో వచ్చిన డాలు మీద ఈటె, పేరులో 'స్పియర్', అంటే ఈటె, ఉందిగా. ఇలా పేరుని బొమ్మలో పలికించడం వీళ్లకి పాత అలవాటే.

ఇలాంటివి అమ్మడం నేరం కాదా అని అడిగించాను. ఇంగ్లండులో దీనికొక కోర్టు ఉంది గానీ, అది చివరిసారి కూర్చుంది 1954లో. మాంచెస్టర్ నగరం డాలుని ఒక నాటకాల కంపెనీ తెర పైన పెట్టుకుందని కేసు, నగరమే గెలిచింది. అంతకుముందు రెండు వందల ఏళ్లకి పైగా ఆ కోర్టు తలుపే తీయలేదు. స్కాట్లండులో వేరు. అక్కడ డాళ్ల వ్యవహారం చూసే లార్డ్ లయన్ అనే అధికారి కోర్టు రిజిస్టరులో లేని డాలు వాడటం 1672 చట్టం ప్రకారం నేరం, ఇప్పటికీ. అందుకే ఎడిన్‌బరో వెళ్లేటప్పుడు పలక ఇంట్లోనే వదిలాం.

అయిదుకి రెండు మార్కులిస్తున్నాను, రెండూ చెక్కకే. కొనాలనుకునేవాళ్లు సర్టిఫికెట్టు పక్కన పారేసి, గోడకి ఒక బొమ్మ కొన్నామనుకుంటే బాధ ఉండదు. కొక్కెం మాత్రం ముందే లాగి చూసుకోండి.

మా పలకకి నేను గరుకు కాగితం పెట్టి ప్రింటు గీకేశాను. ఎనామెల్ డబ్బాలు మావాడే తెచ్చాడు. పసుపు డాలు, మీద నల్ల బండి చక్రం, పన్నెండు ఆకులు. లోహం మీద రంగు. వీధి అవతల బస్టాపులో నిలబడినా కిటికీలోంచి కనబడుతోంది. సోఫాకి మ్యాచ్ కాలేదని కోడలు రెండు రోజులుగా ముభావంగా ఉంది.