కడప నుంచి కువైట్: పన్నెండేళ్లు అకామాతో బతికాక

ఈసారి సెలవుకు ఇంటికి వచ్చిన మూడో రోజు మా అక్క కొడుకు ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "మామా, కువైట్ వీసా వచ్చేసింది!" నేను అడిగింది ఒకటే మాట: "కఫీలు ఎవరు?" కఫీలంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకునే యజమాని. వాడు తెల్లబోయాడు. "ఏమో మామా, ఏజెంట్‌కు తెలుసు." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2013లో నేనూ సరిగ్గా అదే మాట అన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది సిద్ధవటం దగ్గర పెన్న ఒడ్డు పల్లె. మా వైపు కువైట్‌కు మనిషిని పంపని ఇల్లు దొరకడం కష్టం. పదో తరగతి తప్పినవాణ్ణి కాబట్టి నాది ఈసీఆర్ పాస్‌పోర్ట్. అంటే ప్రొటెక్టర్ ఆఫీస్ క్లియరెన్స్ లేకుండా కువైట్ లాంటి దేశాలకు పనికి పోకూడదు. ఏజెంట్ మాత్రం "అదంతా ఎందుకు, ఎయిర్‌పోర్ట్‌లో పుషింగ్ చేయిస్తా" అన్నాడు. పుషింగ్ అంటే క్లియరెన్స్ లేకుండానే దొంగతనంగా దాటించడం. మా నాయన ఒప్పుకోలేదు. నెల ఆలస్యమైనా క్లియరెన్స్ తీసుకునే వెళ్లాను. ఇప్పుడైతే మన ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లోనే అంతా జరుగుతుంది. ఏజెంట్‌కు రిజిస్ట్రేషన్ ఉందో లేదో అందులోనే చూసుకోవచ్చు. ప్రవాసీ భారతీయ బీమా కూడా దాంతోపాటే కట్టాలి. రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంట్లోవాళ్లకు 10 లక్షలు. దీన్ని దండగ ఖర్చు అనుకునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

కువైట్‌లో అకామాకు, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతికి, నంబర్లుంటాయి. ఇళ్లలో పనిచేసేవాళ్లది 20, మనవాళ్లు ఖాదిమ్ వీసా అంటారు. డ్రైవర్, వంటమనిషి, ఆయా అందరూ అందులోకే వస్తారు. కంపెనీలో పనిచేసేవాళ్లది 18, దాన్ని షూన్ అంటాం. భార్యాపిల్లల్ని తెచ్చుకునేది 22. వీసా కాగితం మీద ఈ నంబరు చూడకుండా డబ్బు కట్టొద్దు. నేను చూడలేదు. డెబ్బై వేలు కట్టాను, కంపెనీ డ్రైవర్ అన్నారు, దిగాక చూస్తే ఖాదిమ్. వంద దినార్ల జీతమన్నారు, చేతికొచ్చింది 80. అప్పట్లో దినారు రెండొందల రూపాయలకు కాస్త అటూ ఇటూ.

అయినా నాకు మంచి ఇల్లు దొరికింది. అది అదృష్టం, నా తెలివి కాదు.

చేరాక జరిగే తతంగం పెద్ద కష్టమైనది కాదు గానీ, భాష రానివాడికి ప్రతి గదీ టెన్షనే. మెడికల్ ఇక్కడ ఒకసారి అయిపోయినా అక్కడ షువైఖ్‌లో మళ్లీ చేస్తారు. రక్తం, ఛాతీ ఎక్స్‌రే. టీబీ మచ్చ కనబడితే వెనక్కి పంపేస్తారు. తర్వాత వేలిముద్రలు, ఆ తర్వాత అకామా, చివరికి సివిల్ ఐడీ, మనవాళ్ల మాటలో బతాకా. నా బతాకా చేతికొచ్చిన రోజు నాకింకా గుర్తుంది. మా ఇంటిపేరు 'ప'తో మొదలవుతుంది. అరబ్బీలో ఆ అక్షరమే లేదు. బాబా, అంటే మా కఫీలు, కార్డు మీది పేరు గట్టిగా చదివాడు. 'ప' కాస్తా 'బ' అయిపోయింది. మా తాత పేరు, మా నాయన పేరు తలుచుకుని గొంతులో ఏదో అడ్డం పడింది. కానీ మారిన ఆ పేరుతోనే పన్నెండు నంబర్లున్న ఆ కార్డు పన్నెండేళ్లు నన్ను కాపాడింది. రోడ్డు మీద పోలీసు ఆపినా, ఆసుపత్రికి పోయినా, ఇంటికి డబ్బు పంపినా అదే అడిగేవాళ్లు. బతాకా జేబులో లేకుండా నేను వీధిలోకి అడుగు పెట్టింది లేదు.

నాకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఇది: అకామా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల దగ్గరే పని చెయ్యాలి. మా ఊళ్లలో 'ఫ్రీ వీసా' అనే మాట బాగా వినబడుతుంది. కువైట్ చట్టంలో అలాంటి వీసా లేదు. ఒకాయన తన పేరు మీద వీసా తీసి అమ్ముతాడు, మనం బయట ఎక్కడో పని చేసుకుంటూ ఏడాదికింత అని ఆయనకు కట్టాలి. మా బామ్మర్ది అలాగే వచ్చాడు. జిలీబ్‌లో ఒక గదిలో ఏడుగురితో ఉంటూ దొరికిన పనల్లా చేశాడు. రెండో ఏడు కఫీలు రేటు పెంచాడు, వీడు కట్టలేకపోయాడు. పారిపోయాడని కఫీలు కేసు పెట్టాడు. అకామా పోయింది. అప్పటి లెక్కలో జరిమానా రోజుకు 2 దినార్లు, 600 దాకా ఎక్కేది. ఆ మాట అటుంచండి. కువైట్ సిటీలోని మాలియాలో శుక్రవారం మనవాళ్లంతా కలుస్తారు, అక్కడికి రావాలన్నా భయమే వాడికి. జ్వరమొచ్చినా ఆసుపత్రికి పోలేదు. తనిఖీ ఉందని తెలిస్తే మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక పడుకునేవాడు. 2018లో జనవరి 29 నుంచి కువైట్ క్షమాభిక్ష ఇచ్చింది, దాన్ని ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. ఎంబసీ దగ్గర లైన్లో వాడి పక్కనే నిలబడ్డాను. కాగితం చేతికి రాగానే వాడు ఏడ్చేశాడు. మూడేళ్లు కష్టపడి ఇంటికి తీసుకుపోయింది ఒక దుప్పటి, రెండు సెంటు సీసాలు.

పాస్‌పోర్ట్ సంగతి కూడా చెప్పాలి. ఇంటి పనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. పనివాడు ఒప్పుకోకుండా కఫీలు పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోకూడదు, వారానికొక రోజు సెలవివ్వాలి, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవివ్వాలి, పని మానేటప్పుడు ఏడాదికో నెల జీతం లెక్కకట్టి ఇవ్వాలి అని అందులో ఉంది. ఈ సంగతి నాకు 2017లో, అదీ పక్కింటి కేరళ డ్రైవర్ చెబితే తెలిసింది. బాబాను నెమ్మదిగా అడిగాను. ఆయన లోపలికెళ్లి పాస్‌పోర్ట్ తెచ్చి చేతిలో పెట్టాడు. నాలుగేళ్లు నేను అడగలేదు కాబట్టే ఆయన ఇవ్వలేదు, అంతే. అందరు కఫీళ్లూ అలా ఉండరని నాకు తెలుసు. అయినా అడిగే హక్కు ఉందని తెలిసుండాలి.

అదే ఏడాది అమ్మ జారిపడి తుంటి విరిగింది. సెలవు మీద వచ్చి ఉండిపోయాను. అప్పట్లో ఆరు నెలలు దాటి బయటుంటే అకామా రద్దయ్యేది. అమ్మ కర్ర పట్టుకుని ఇంట్లో కడప బండల మీద నాలుగడుగులు వేసింది చూసి, ఐదు నెలల ఇరవై ఐదో రోజున విమానమెక్కాను. అకామాలో నన్ను బాగా నలిపింది ఈ లెక్కే.

మెరుగుపడినవీ ఉన్నాయి. 2019లో పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ అంటించడం మానేశారు, అకామా వివరాలన్నీ బతాకాలోకే వెళ్లాయి. 2021లో కువైట్ ప్రభుత్వ యాప్ సహల్ వచ్చింది. నా అకామా ఎప్పుడు అయిపోతుందో, నా మీద కేసేమైనా ఉందో నా ఫోన్‌లో నేనే చూసుకోగలిగాను. అంతకుముందు ఎవరో ఒకరి కాళ్లావేళ్లా పడాల్సి వచ్చేది. పది తప్పిన నేనే నేర్చుకున్నాను, ఎవరైనా నేర్చుకోవచ్చు.

ఖాదిమ్ నుంచి షూన్‌కు మారడం ఏళ్ల తరబడి కలగానే ఉండింది. 2024 జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 దాకా రెండు నెలలు తలుపు తీశారు. కఫీలు దగ్గర ఏడాది పూర్తయి ఉండాలి, ఆయన ఒప్పుకోవాలి, 50 దినార్లు ఫీజు. బాబా పిల్లలు పెద్దవాళ్లై కార్లు వాళ్లే నడుపుకుంటున్నారు, నాకు పని తగ్గింది. ఆయన సంతోషంగా సంతకం పెట్టాడు. సామాన్లు చేరవేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. జీతం పెరిగింది. కానీ గదికీ తిండికీ ఇప్పుడు నేనే పెట్టుకోవాలి. మిగిలేది అంతకుముందుకన్నా ఓ ముప్పై దినార్లే ఎక్కువ, మారాలనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోండి. ఇంకొకటి, 2025 జూలై 1 నుంచి షూన్ వాళ్లు దేశం దాటాలంటే కంపెనీ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఈసారి టికెట్ కొన్నాక కూడా అనుమతి వచ్చేదాకా నాకు ఊపిరాడలేదు.

భార్యను, పాపను అక్కడికి తీసుకెళ్లాలని నాకూ ఉండేది. ఫ్యామిలీ వీసాకు 2024లో అడిగింది 800 దినార్ల జీతం. డ్రైవర్‌కు అది అందేది కాదు. ఎన్నేళ్లున్నా అకామా పని ఉన్నంతవరకే, పని అయిపోతే తిరిగి రావాల్సిందే. కెనడాలాగా అమెరికాలాగా అక్కడ స్థిరపడతామని ఎవరైనా చెబితే నమ్మొద్దు. కువైట్ మాకు ఇల్లు కట్టించింది, చెల్లెలి పెళ్లి చేయించింది, పాపను చదివిస్తోంది. ఆ దేశం మీద నాకు కోపం లేదు. వెళ్లేవాడికి ముందే అన్నీ తెలియాలన్నదే నా బాధ.

మేనల్లుడి వీసా కాగితం తెల్లారి చదివాను. 20 నంబరు. ఏజెంట్‌ను పట్టుబట్టి కఫీలు ఫోన్ నంబరు తీసుకుని అరబ్బీలో మాట్లాడాను. "మీ ఇంట్లో ఎన్ని కార్లున్నాయి?" అనడిగితే ఆయన, "నాకు డ్రైవర్ అక్కర్లేదు, బయట పని చేసుకోమను, ఏడాదికి 400 దినార్లు ఇస్తే చాలు" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆ మాటలు ఒక్కొక్కటీ మావాడికి తెలుగులో చెప్పాను.

ఏజెంట్ దగ్గర్నుంచి పాస్‌పోర్ట్ వెనక్కి తెచ్చాం, కట్టిన అడ్వాన్స్‌లో సగమే వచ్చింది. రెండు రోజులు మావాడు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మా బామ్మర్ది ఇంటికి తీసుకెళ్లి వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టి నేను బయటికొచ్చేశాను. గంట తర్వాత వాడు వచ్చి, "మామా, మీ పాత బాబా తమ్ముళ్లెవరికైనా డ్రైవర్ కావాలేమో అడుగుతావా?" అన్నాడు. వచ్చే నెల వెళ్లగానే అడుగుతానన్నాను. పాస్‌పోర్ట్ ఇప్పుడు మా అక్క బీరువాలో ఉంది.