పినోచే దిగాడు, మయన్మార్ జనరల్స్ దిగారా?

నియంత తను రాయించిన రాజ్యాంగం ప్రకారమే కుర్చీ దిగితే అది స్వేచ్ఛేనా? చిలీని, మయన్మార్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు నమ్మకం కన్నా భయమే ఎక్కువ.

మయన్మార్‌ది సూటి కథ. 2008 రాజ్యాంగం పార్లమెంటులో 25 శాతం సీట్లు సైన్యానికే రాసిచ్చింది. కీలక సవరణలకు 75 శాతం మించి ఓట్లు కావాలి. అంటే సైన్యం ఒప్పుకోకపోతే అక్షరం కదలదు. పోలీసులు కూడా వాళ్ల మంత్రి చేతిలోనే. 2015లో, 2020లో ప్రజాస్వామ్య నేత ఆంగ్ సాన్ సూచీ పార్టీ ఎన్నికల్లో ఘనంగా గెలిచింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అంతా లాగేసుకుంది.

చిలీలో సైనిక నియంత పినోచే గెలుస్తాననే ధీమాతో, తను పదవిలో కొనసాగాలా వద్దా అని 1988లో ప్రజల ఓటు పెట్టాడు. దాదాపు 56 శాతం మంది ‘వద్దు’ అన్నారు. ఫలితం తేలిన రాత్రి వైమానిక దళాధిపతి మతేయ్ ఓటమిని బాహాటంగా ఒప్పుకున్నాడు. నా లెక్కలో అసలు మలుపు అదే: తోటి జనరల్సే వెనక నిలబడలేదు. 1990లో పౌర ప్రభుత్వం వచ్చింది. అయినా పినోచే 1998 దాకా సైన్యాధిపతే, ఆ తర్వాత జీవితకాల సెనేటర్! అలాంటి జీవితకాల సెనేటర్ పదవులను తీసేయడానికి 2005 రాజ్యాంగ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. సైన్యం మాయం చేసినవాళ్లలో చాలామంది ఎక్కడున్నారో వాళ్ల కుటుంబాలకు ఇప్పటికీ తెలియదు.